ముల్లా, మెత్తనా

ప్రొకోపి దుకాణం బయట గోడకి
మూడు రబ్బరు ముక్కలు మేకులకు వేలాడుతున్నాయి
రాత్రంతా.
సున్నాకి కింద నలభై మూడు.
"కాగితం మీద అచ్చేసిన మాటలు చదవకు మార్ఫా,
గోటితో అడుగు" అన్నాడు.

ఒక్క క్షణం కోసం చేతితొడుగు తీశాను.
మొదటిది బురద టైరు. బొటనవేలంత గుబ్బలు,
మా అక్కకొడుకు ఐతాల్ ఫోనులో దాచుకున్న బొమ్మలన్నిటికీ ఇవే కాళ్ళు.
గోటితో నొక్కితే కొయ్య.
తడితే పళ్ళెంలా మోగింది.
రెండోది ముళ్ళ టైరు. ఐదేళ్ళుగా నేను నడుస్తున్నది దీని మీదే.
ముల్లు ఉక్కుదే,
దాన్ని పట్టుకున్న రబ్బరే పట్టు మరిచిపోయింది.
మూడోదానికి ముళ్ళు లేవు, గుబ్బలు లేవు,
చాకుతో గీసినట్టు సన్నని గాట్లు, వందలకొద్దీ.
వంచితే వంగింది,
గుర్రప్పిల్ల చెవిలాగా.

నాకు నచ్చలేదు.

నా బండి చిన్నది కాదు.
నాలుగు చక్రాలూ లాగే బండి, రొట్టె ఆకారం,
ఊళ్ళో అందరూ రొట్టె అనే పిలుస్తారు.
ఇందులో పెళ్ళివాళ్ళు ఎక్కారు, పరీక్షకెళ్ళే పిల్లలు ఎక్కారు,
కట్టెల్లా బిగుసుకున్న చేపలు నిలువునా ఎక్కాయి,
ఒకసారి శవపేటిక, దాని పక్కన అకార్డియను.
ఇంత బరువుని
ఈ మెత్తటిదాని చేతిలో ఎలా పెట్టను?
పైగా జూన్‌లో ఊబిలో మూడు రోజులు కూరుకుపోయి ఉంటే
దోమలకు కూడా జాలేసింది నా మీద.
అప్పుడే ఒట్టేసుకున్నాను, గుబ్బల టైర్లే కొంటానని.

ప్రొకోపి పాలటీ పోశాడు.
"ఊబి ఎన్నాళ్ళు?"
"నెల."
"చలి?"
నేను లెక్కపెట్టలేదు. వేళ్ళు తొడుగులోకి వెళ్ళిపోయాయి.
"ఒట్టు వేసవిలో వేశావు. టైరు చలికాలానికి కొంటున్నావు.
ఇంకో పది డిగ్రీలు దిగనీ, మంచుగడ్డ కూడా పింగాణీ అవుతుంది.
దాన్లో ముల్లు దిగదు. గీస్తుంది, అంతే."
పోయిన జనవరిలో పశువుల దడి దాకా
పక్కవాటంగా జారుకుంటూ పోయిన సంగతి
నేనతనికి చెప్పలేదు.
ఊరు చెప్పేసినట్టుంది.

రెండింటికే డబ్బుంది.
ముందు ఇవి, వెనక పాతవి, అన్నాను.
"ముందుకాళ్ళది ఒక మాట, వెనకకాళ్ళది ఒక మాట,
అలాంటి గుర్రాన్ని నువ్వు కొంటావా?"
మిగతా డబ్బు వసంతానికి.
వడ్డీ కింద ఒక సంచి చేపలు.

పది రోజులకు నది మీద దారి తెరిచారు.
తెల్లారి బండి కదిలితే దడ్ దడ్ దడ్.
రాత్రి నిలబెట్టిన చోటే టైర్లు పలకలు తేలాయి,
అడుగుభాగం నేల ఆకారం నేర్చుకుంది.
"విరిగిందా ఏమన్నా?" వెనకనుంచి టీచరు అగ్రఫేనా.
"నిద్ర లేస్తోంది" అన్నాను.
కిలోమీటరు దాటాక గుండ్రమైంది.

లేనా ఒడ్డున ఆగి, ఎప్పటిలాగే,
అందరినీ బెల్టులు విప్పమన్నాను.
గడ్డకట్టిన నది మీద బెల్టు పెట్టుకోకూడదు.
ఎందుకో ఎవరూ అడగరు.

ఐదేళ్ళు దాటాను ఈ నదిని.
రేకు మీద వడగళ్ళలా ముళ్ళు గలగలమంటుంటే
ఆ చప్పుడు వినలేక పాటలు పెట్టేదాన్ని.
ఇవాళ చక్రాలకు చప్పుడు లేదు.
పాట పెట్టడం మరిచిపోయాను.
సగం దూరంలో, కిందనుంచి,
ఒక మూలుగు, సన్నగా, పొడుగ్గా,
మా పక్కనే పరిగెత్తి, మమ్మల్ని దాటి ముందుకు పోయి
అవతలి ఒడ్డున ఎక్కడో ఆగింది.

అద్దంలో అగ్రఫేనా నన్నే చూస్తోంది.
ఇది కొత్త చప్పుడేం కాదు.
ఎప్పుడూ ఉన్నదే అయ్యుంటుంది.

పట్టు బాగుంది, ప్రొకోపికి చెప్పాలి.
మిగతాది చెప్పాలో వద్దో
ఇంకా తేల్చుకోలేదు.